రేడియో చెడిపోలేదు, పొద్దు గూకిందంతే

చంద్రగిరిలో మీ తాతగారి పాత ట్రాన్సిస్టర్ దుమ్ము దులిపి డాబా మీదికి తీసుకువెళ్ళి, రాత్రి తొమ్మిది గంటలకు మీడియం వేవ్‌లో ముల్లు తిప్పితే తమిళం, మలయాళం, కన్నడం, మధ్యలో ఎక్కడో హిందీ వినిపించాయని రాశారు. మరునాడు మధ్యాహ్నం అదే డాబా మీద, అదే రేడియోలో రెండు మూడు స్టేషన్లు తప్ప మిగిలినదంతా గరగరేనన్నారు. సెట్టులో లోపం ఉందా, పెద్ద యాంటెన్నా కట్టాలా, కొత్త రేడియో కొనాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు. లోపం లేదు, యాంటెన్నా అక్కరలేదు, కొత్త రేడియో ఇప్పుడే వద్దు. చిత్తూరులో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాడిని, ముప్పై ఏళ్ళకు పైగా ఈ సరదా ఉన్నవాడిని కాబట్టి ఎందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగానే రాస్తాను. దూరపు స్టేషన్లను వెతికి పట్టుకునే ఈ వ్యాపకాన్ని డీఎక్సింగ్ అంటారు. డీఎక్స్ అంటే పాతకాలపు టెలిగ్రాఫు వాళ్ళ పరిభాషలో దూరం.

పగలు మీకు వినిపించినవి నేలను అంటిపెట్టుకుని వచ్చే తరంగాలు. మీ ఊరి నుంచి కడప, చెన్నై రెండూ తిన్నగా కొలిస్తే నూట పది, నూట ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి కాబట్టి 900 కిలోహెర్ట్జ్ మీద కడప, 720 మీద చెన్నై పగలు కూడా అందుతాయి. సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు 612 మీద సన్నగా వస్తుంది. పైకి వెళ్ళిన తరంగాల సంగతి వేరు. భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఎండ తగిలినంతసేపూ ‘డి’ పొర అనే విద్యుదావేశపు పొర ఒకటి ఉంటుంది. అది మీడియం వేవ్ తరంగాలను వెనక్కి పంపదు, పీల్చేసుకుంటుంది. పొద్దు గూకగానే ఎండ అందక ఆ పొర చూస్తుండగానే పలచబడి పోతుంది. అప్పుడు దానికి పైన, 100 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉన్న ‘ఇ’ పొర, ఇంకా పైనున్న ‘ఎఫ్’ పొర ఆ తరంగాలను కిందికి వంచి వందల కిలోమీటర్ల అవతల దించుతాయి. మీ తాతగారి రేడియో మధ్యాహ్నం ఎలా ఉందో రాత్రీ అలాగే ఉంది. మారింది నడినెత్తిన ఉన్న ఆకాశం.

రాత్రి స్టేషన్ ఒక నిమిషం గట్టిగా పలికి, మరో నిమిషం నూతిలోంచి వచ్చినట్టు సన్నబడుతోందని కూడా రాశారు. అది బ్యాటరీ తప్పు కాదు. ఒకే స్టేషన్ తరంగం రెండు మూడు దారుల్లో మీ డాబాకు చేరుతుంది. ఆ దారులు పొడవులు మార్చుకుంటూ ఉంటే తరంగాలు ఒకసారి ఒకదానికొకటి తోడై, మరొకసారి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ యాపిల్టన్ అనే శాస్త్రవేత్త బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ నుంచి తరంగాలను ఆక్స్‌ఫర్డ్‌లో అందుకుని, ఇటువంటి హెచ్చుతగ్గులను కొలిచి, తరంగాలను కిందికి వంచే పొర ఒకటి ఉన్నదని, ఎంత ఎత్తున ఉన్నదో కూడా నిరూపించాడు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మీకు చిరాకు తెప్పించిన ఆ ఎగుడుదిగుడే ఆయనకు సాక్ష్యం. మీరు అంత దూరం కూడా వెళ్ళనక్కరలేదు. పాకాల దారిలో గాదంకి వద్ద 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎమ్మెస్టీ రాడార్ ఉంది. 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న స్థలంలో 1,024 యాంటెన్నాలు వరుసలు తీరి ఆకాశంవైపు చూస్తుంటాయి. కింది వాతావరణం నుంచి, నేను చెప్పిన ఈ పొరలుండే అయనావరణం దాకా చదవడానికే అది అక్కడ ఉంది. మా విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని బొమ్మ కన్నా ఆ ఊరి పేరే ఎక్కువ పనికొచ్చేది.

తిరుమల కొండ అడ్డు వస్తుందేమోనన్న మీ అనుమానానికీ లెక్క ఉంది. హైదరాబాదు మీకు తిన్నగా కొలిస్తే సుమారు 430 కిలోమీటర్లు. ‘ఇ’ పొర మీద ఒక్క గెంతుతో వచ్చే తరంగం మీ డాబా మీదికి దాదాపు పాతిక డిగ్రీల ఏటవాలులో దిగుతుంది. ఏడు వందల మీటర్ల కొండను మూడు కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే దాని అంచు పదమూడు డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే రాత్రి హైదరాబాదు కొండ తల మీదుగా దిగివస్తుంది. పగటిపూట నేలబారు తరంగాలకు కొండ కొంత అడ్డే గాని, 900 కిలోహెర్ట్జ్ తరంగం పొడవే 333 మీటర్లు కాబట్టి ఎఫ్ఎంకు అడ్డుపడినంతగా దీనికి పడదు.

అసలు శత్రువు కొండ కాదు, దూరమూ కాదు. మన ఇంట్లోని కరెంటు సామాను. ఈ విషయం నాకు బోధపడటానికి పదేళ్ళు పట్టింది. ఒకప్పుడు ట్యూబులైటు చోకు, పక్కింటి మిక్సీ తప్ప రేడియోకు పెద్ద బాధలుండేవి కావు. ఇప్పుడు ప్రతి ఎల్ఈడీ బల్బులోనూ, ఫోను చార్జరులోనూ, టీవీ కింది సెట్‌టాప్ బాక్సు అడాప్టరులోనూ, ఇన్వర్టరులోనూ సెకనుకు వేల సార్లు కరెంటును తెంపి అతికే సర్క్యూటు ఉంది. అది పుట్టించే రొద సరిగ్గా మీడియం వేవ్ మీదే పడుతుంది. నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో 800 కిలోహెర్ట్జ్‌కు పైన ఏ స్టేషనూ వినపడకుండా ఒక జుమ్మనే రొద మొదలైంది. సెట్టు విప్పాను, కండెన్సర్లు మార్చాను, బ్యాటరీలు మార్చాను. చివరికి ఒక రాత్రి కరెంటు పోయింది. ఆ చీకట్లో విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927 ఒకదాని తరువాత ఒకటి గాజులాగా స్వచ్ఛంగా పలికాయి. కరెంటు వచ్చిన మరుక్షణం మళ్ళీ జుమ్మంది. అప్పుడు చిన్న రేడియోను స్టేషన్ లేని చోట పెట్టి, చేత్తో పట్టుకుని గదిగదికీ తిరిగాను. ఫ్రిజ్ దగ్గర ఏమీ లేదు. టీవీ దగ్గర కొంచెం ఉంది. పూజ గదిలో అడుగు పెట్టేసరికి రేడియో అరిచింది. దేవుడి పటం పైన రాత్రింబగళ్ళు వెలిగే ఒక చిన్న ఎల్ఈడీ దీపం అది. మా ఆవిడ దాన్ని తీసేసి నూనె దీపమే పెడతానన్నది. నా వ్యాపకానికి ఆమె చేసిన సాయాల్లో అదొకటి.

మీరు మొదట చేయవలసిన పని కూడా ఇదే. సెట్టును బ్యాటరీలతోనే నడపండి, అడాప్టరుతో కాదు. ఇంటి మెయిన్ స్విచ్చి ఐదు నిమిషాలు ఆపి వినండి. రొద తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. మళ్ళీ ఆన్ చేసి ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ పోతే దొరుకుతాడు. తగ్గకపోతే వీధిలో ఉన్నాడు: పొరుగింటి సోలార్ ఇన్వర్టరో, మంచు పడిన రాత్రుల్లో చిటపటలాడే కరెంటు స్తంభం మీది ఇన్సులేటరో కావచ్చు. అప్పుడు మీరే కదలాలి. నేను శనివారాలు కాణిపాకం వైపు ఒక మిత్రుని మామిడి తోటకు రేడియో పట్టుకుని వెళతాను. బోరు మోటారు ఆగిన తరువాత అక్కడ ఆరు వందల రూపాయల రేడియోలో వినిపించినవి, ఊళ్ళో మా ఇంట్లోని ఖరీదైన సెట్టులో వినిపించవు. కొత్త రేడియో ఇప్పుడే వద్దన్నది అందుకే.

ఇక యాంటెన్నా. పైకి లాగే ఆ స్టీలు కడ్డీ ఎఫ్ఎంకూ షార్ట్ వేవ్‌కూ మాత్రమే. మీడియం వేవ్‌కు దానితో సంబంధమే లేదు. మీ సెట్టు వెనక మూత తీస్తే పైభాగంలో అడ్డంగా, సన్నని రాగితీగ చుట్టిన నల్లని కడ్డీ కనిపిస్తుంది. మీడియం వేవ్ యాంటెన్నా ఆ ఫెరైట్ కడ్డీయే. దాని గుణం ఏమిటంటే తన పక్కల వైపు నుంచి వచ్చే తరంగాన్ని బాగా పట్టుకుంటుంది, తన కొనల వైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తుంది. చాలామంది దీన్ని స్టేషన్ గట్టిగా వినడానికి వాడతారు. డీఎక్సర్ దీన్ని స్టేషన్‌ను నోరు మూయించడానికి వాడతాడు. ఈ తేడా తెలిసిన నాడే మీరు డీఎక్సర్ అయినట్టు.

డాబా మీద పగటిపూట ఒకసారి చేసి చూడండి. చిన్న చెక్క పీట మీద రేడియో పెట్టి 900 మీద కడపను పట్టండి. పీటను నెమ్మదిగా తిప్పండి. పూర్తి చుట్టులో రెండు చోట్ల, ఎదురెదురుగా, శబ్దం ఉన్నట్టుండి కుంగిపోతుంది. ఆ చోటు చాలా సన్నన, నాలుగైదు డిగ్రీలు దాటితే మళ్ళీ లేస్తుంది. కుంగిన చోట ఆపి, కడ్డీ చూస్తున్న దిక్కున నేల మీద చాక్‌పీసుతో గీత గీయండి. అది ఉత్తరానికి కొంచెం పడమరగా, కడపవైపు పోతుంది. ఇదే పని చెన్నై 720తో చేస్తే గీత ఆగ్నేయంగా పోతుంది. ఈ రెండు గీతలు చెరపకుండా ఉంచండి. రాత్రికి అవే పనికొస్తాయి. పగలే ఎందుకంటే, రాత్రి తరంగం పై నుంచి కూడా దిగుతుంది కాబట్టి ఆ కుంగుబాటు అంత పదునుగా ఉండదు.

రాత్రి ఉపయోగం ఇదీ. చవక సెట్లలో 720 మీది చెన్నై బలంగా పొంగి పక్కనున్న 738 మీది హైదరాబాదును కమ్మేస్తుంది. కడ్డీని చెన్నై గీత మీద పెట్టండి. చెన్నై తగ్గుతుంది. హైదరాబాదు ఆ గీతకు యాభై డిగ్రీల పక్కన ఉంది కాబట్టి ముప్పాతిక బలం మిగులుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఒక స్టేషన్‌ను పక్కకు జరిపి మరొకదాన్ని ముందుకు తెచ్చారన్నమాట. ఇలాగే కడ్డీని తూర్పు పడమరలుగా పెడితే ఉత్తర దక్షిణాలు తెరుచుకుంటాయి. అప్పుడు 882 దగ్గర ఆగండి. శ్రీలంకలోని పుత్తళం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో 400 కిలోవాట్లతో ప్రసారం చేసేది ఆ అంకె మీదనే. అది మీకు సరిగ్గా దక్షిణాన, 620 కిలోమీటర్ల దూరంలో, దారిలో కొంత సముద్రంతో ఉంది. కొత్తవారికి మొదటి విదేశీ స్టేషన్ సాధారణంగా ఇదే అవుతుంది. మా తరానికి సిలోన్ అంటే షార్ట్ వేవ్‌లో తెలుగు పాటలు వినిపించిన వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు. మీ తరం అదే ద్వీపాన్ని మీడియం వేవ్‌లో పట్టుకోవచ్చు.

ఇంకా కావాలంటే తీగ చట్రం ఒకటి కట్టుకోండి. మిద్దె మీద పొడవాటి తీగ మాత్రం లాగకండి. అది స్టేషన్‌తో పాటు ఊరి రొదనంతా మోసుకొస్తుంది, మన వైపు పిడుగుల కాలంలో ప్రమాదం కూడా. రెండు చెక్క పట్టీలను కూడిక గుర్తులా బిగించి, ఒక్కో పక్క రెండడుగులు వచ్చేట్టు చదరంగా, చుట్టుకూ చుట్టుకూ మధ్య అర సెంటీమీటరు ఎడం వదిలి పది పన్నెండు చుట్లు తీగ చుట్టండి. రెండు కొనలనూ పాడైపోయిన పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సరుకు, అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే భాగానికి కలపండి. రేడియోకు ఏ తీగా కలపనక్కరలేదు, చట్రం పక్కన పెడితే చాలు. ఫెరైట్ కడ్డీ చట్రానికి అడ్డంగా, అంటే చట్రంలోంచి దూరిపోతున్నట్టుగా ఉండాలి. గ్యాంగ్ తిప్పుతూ పోతే ఒకచోట స్టేషన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. మన బ్యాండు కింది కొన 531 దాకా అందకపోతే ఒక చుట్టు కలపండి, పై కొన 1602 దాకా అందకపోతే ఒక చుట్టు తీయండి. నేను మొదటిది మామిడిపండ్ల చెక్కపెట్టె మీద చుట్టాను. చూడటానికి అసహ్యంగా ఉండేది, పని మాత్రం చేసింది.

ఎప్పుడో ఒకప్పుడు డిజిటల్ రేడియో కొంటారు. అంకెలు చూపించేది కావాలి, బ్యాండు వెడల్పు, అంటే ఒక అంకె చుట్టూ ఎంత మేర వినాలన్నది, ఒకటి నుంచి ఆరు కిలోహెర్ట్జ్ వరకు మార్చుకునే వీలుండాలి. టెక్సన్ పీఎల్-310ఈటీ ఆ తరహాది. కొన్న వెంటనే చూడవలసినది ఒకటే: ట్యూనింగ్ అడుగు, అంటే ఒక్కో తిప్పుకు అంకె ఎంత దూకుతుందన్నది, 9 కిలోహెర్ట్జ్ మీద ఉందా, 10 మీద ఉందా అని. అమెరికా ఖండాల్లో స్టేషన్ల మధ్య ఎడం 10, మన దగ్గర 9. పది మీద ఉంచి 837 కోసం వెతికితే 830, 840 వస్తాయి గాని విజయవాడ సరిగా పలకదు. రేడియో బాగులేదని తిరిగి పంపిన వాళ్ళు నాకు తెలుసు. లెక్కల మాస్టర్లకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మన బ్యాండులో ప్రతి స్టేషన్ అంకె తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 612, 720, 837, 882: అంకెలు కూడి చూడండి. కూడితే తొమ్మిదో పద్దెనిమిదో (999 ఒక్కదానికి ఇరవై ఏడు) రాకపోతే మీరు స్టేషన్ నడిమధ్య లేరు, పక్కన ఉన్నారు.

సమయం గురించి ఒక మాట. కొత్తవారు రాత్రి తొమ్మిది, పది గంటలకు కూర్చుంటారు. అప్పటికి అన్ని స్టేషన్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. నాకు ఇష్టమైనవి రెండు సంధ్యలు. డిసెంబరులో కలకత్తాలో ఐదు కాకముందే పొద్దు గూకుతుంది, మనకు పావు తక్కువ ఆరుకు, రాజ్‌కోట్‌లో ఆరు దాటాక. అందువల్ల సాయంత్రం చీకటి తూర్పు నుంచి మన మీదికి వస్తుంది. ఐదున్నర వేళ 657 మీద కలకత్తా మొదలవుతూ ఉంటే 1071 మీది రాజ్‌కోట్ ఇంకా ఎండలోనే ఉంటుంది, దాని ట్రాన్స్‌మిటర్ 1000 కిలోవాట్లదైనా సరే. తెల్లవారుజామున వ్యవహారం తలకిందులు: తూర్పు ముందు ఆరిపోతుంది, పడమర చివరిదాకా నిలుస్తుంది. ధనుర్మాసంలో ఎలాగూ ఊరంతా నాలుగున్నరకే లేస్తుంది. మీరూ లేచి ఐదు నుంచి ఆరున్నర దాకా కూర్చోండి. ఈశాన్య రుతుపవనాలు వెనకబట్టి, ఉరుముల చిటపటలు ఆగి, రాత్రులు పొడవుగా ఉండే కాలం మనకు అదే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు మబ్బులు వేస్తే నేను సెట్టు ముట్టుకోను.

ఇక అన్నిటికన్నా కష్టమైనది, వింటున్నది ఎవరినో తేల్చుకోవడం. ఆకాశవాణి కేంద్రాలన్నీ ప్రసారం మొదలు పెట్టే ముందు ఒకే సంకేత సంగీతం వేస్తాయి. 1936లో వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చినది, శివరంజని నీడలున్నది. అది ఆకాశవాణి అని చెబుతుంది గాని ఏ ఊరో చెప్పదు. వార్తలు ఇంకా మోసం చేస్తాయి. ఒకే బులెటిన్‌ను పలు కేంద్రాలు రిలే చేస్తాయి కదా. నేను కొత్తలో ఒక రాత్రి హిందీ వార్తలు విని, మురిసిపోయి నోటు పుస్తకంలో ‘ఢిల్లీ’ అని రాసుకున్నాను. వార్తలు అయ్యాక వచ్చిన ప్రకటన కన్నడంలో ఉంది. ఆ పేజీలో ఢిల్లీ మీద కొట్టివేత ఇప్పటికీ ఉంది. కాబట్టి భాషను బట్టి ఊహించకండి. గంట మొదలుకు రెండు నిమిషాల ముందు నుంచి రెండు నిమిషాల తరువాత వరకు కదలకుండా వినండి. కేంద్రం పేరు చెప్పేది సాధారణంగా అప్పుడే. పేరు వినపడకపోతే ప్రశ్నార్థకం పెట్టుకోండి. ప్రశ్నార్థకాలు ఎక్కువగా ఉన్న పుస్తకాన్నే నేను నమ్ముతాను. కొన్నిచోట్ల మాటా పాటా లేకుండా జలపాతం లాంటి ఒకే హోరు వెడల్పుగా వినిపిస్తుంది. అది చెడిపోయిన స్టేషన్ కాదు, డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసారం, మీ తాతగారి సెట్టుకు దాని భాష తెలియదు. పైన నేను రాసిన అంకెలు నా పుస్తకంలోనివి. కేంద్రాలు వేళలు మార్చుకుంటున్నాయి, కొన్ని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూతబడుతున్నాయి కూడా. ఒక అంకె దగ్గర మౌనం ఉంటే వెంటనే మీ చెవులను తప్పు పట్టకండి.

వినడానికి లైసెన్సు ఏదీ అక్కరలేదు. విన్నదాన్ని స్టేషన్‌కు రాసి పంపితే ధ్రువపత్రంగా క్యూఎస్ఎల్ కార్డు పంపే ఆచారం ఉంది. తేదీ, సమయం, అంకె, కనీసం పావుగంట సేపు విన్న కార్యక్రమం వివరాలు, మీ సెట్టు, సిగ్నలు ఎలా ఉందో ఐదు అంకెల్లో చెప్పే సిన్పో కోడు రాయాలి. ‘మీ ప్రసారం చాలా బాగుంది’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ పాట తరువాత ఏ ప్రకటన వచ్చిందో రాయాలి. విదేశాలకు రాసేటప్పుడు మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి అంతర్జాతీయ సమయం వేయండి. నేను ఒకసారి రాత్రి 9.10కి విన్నదాన్ని 15.40 అని రాయడానికి బదులు 21.10 అనే రాసి పంపాను. ఆ వేళకు తమ ట్రాన్స్‌మిటర్ కట్టేసి ఉంటుందని, అయినా తమపై అభిమానానికి కృతజ్ఞతలని ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. కార్డు రాలేదు.

ఈ వారం మీరు చేయవలసినది మెయిన్ స్విచ్చి పరీక్ష, చాక్‌పీసు గీతలు. అవి అయ్యాక ఒక సాయంత్రం ఐదుంపావు నుంచి ఏడు దాకా కూర్చుని, ఏ అంకె దగ్గర, ఎన్ని గంటలకు, రేడియోను ఎటు తిప్పితే శబ్దం కుంగిందో రాసి పంపండి. ఆ మూడూ ఉంటే మీరు విన్న ఆ హిందీ స్టేషన్ ఏదో ఇద్దరం కలిసి తేల్చుకుందాం.